ప్రాణోపాయం

ప్రియమైన శ్రీవారికి,

మీ భార్య నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అత్తయ్యా నేనూ క్షేమం. ప్రతి ఉత్తరంలోనూ ఈ వాక్యాన్ని నేను చేతి అలవాటు కొద్దీ రాసేస్తాను, మీరు కంటి అలవాటు కొద్దీ దాటేస్తారు. ఈసారి మాత్రం వెనక్కి వెళ్లి ఇంకోసారి చదవండి. క్షేమం. అక్షరాలా క్షేమం. ఈ ఒక్క మాట రాయడానికి వారం రోజులుగా ఎంత తపించిపోయానో ఉత్తరం పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది. అక్కడ సొరంగంలో మీరూ, నీళ్లు తోడే మీ పంపులూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ముందు మీ ప్రశ్నలకి జవాబులు. వంటింటి కప్పు కారడం ఆగింది. కింది వాటా టాక్సీ డ్రైవరే నిచ్చెన వేసుకుని ఎక్కి తారు పూశాడు. ఆ తారు చేతులతోనే స్టీరింగు పట్టుకున్నాడని వాళ్లావిడ ఇప్పటికీ సాధిస్తోంది. ప్రెస్సులో నన్ను పెద్ద ప్రూఫు రీడర్ని చేశారు. పెద్ద అంటే ఏమీ లేదు, కిటికీ పక్క కుర్చీ ఇచ్చారు. మీ నీలం స్వెట్టరు మీ పెట్టె అడుగునే ఉంది, నేనే సర్దాను, వెతక్కుండా నన్ను అడగడం మానండి. "అమ్మ ఉత్తరాలు ఈమధ్య మరీ పొట్టిగా వస్తున్నాయేం?" అని అడిగారు. దానికి జవాబుంది, చివర్లో చెప్తాను. ఇంకొకటి అడిగారు, "గుండె బరువుగా ఉందని ఆ మధ్య అమ్మ రాయించింది. నా మీద బెంగే కదా, పని వదిలేసి వచ్చేయనా?" అని. దీనికి మాత్రం ఇప్పుడే చెప్తాను. నిలబడి ఉంటే కూర్చోండి.

మీ అమ్మగారి గుండె మీదున్న బరువు మీరు కాదు. నీళ్లు. ఆరు వందల యాభై మిల్లీలీటర్లు. నా కళ్లముందు కొలిచారు.

కంగారు పడకండి, తోడేశారు. ఆవిడ నిన్ననే ఇంటికొచ్చేశారు. ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని, టీలో చక్కెర తక్కువైందని సణుగుతున్నారు. ఫోను ఎందుకు చేయలేదంటారేమో, మంగళవారం ఒక్కరోజే మీ క్యాంపు ఆఫీసుకి తొమ్మిదిసార్లు చేశాను. కొండచరియ విరిగిపడి లైను తెగిపోయిందని శుక్రవారం తెలిసింది. రేపు మీకు సామాన్లు తెచ్చే లారీయే ఇక దిక్కు, అందుకే ఆదివారమంతా కూర్చుని రాస్తున్నాను.

సంగతి మొదటినుంచీ చెప్తాను. మంగళవారం పొద్దున ప్రెస్సుకి బయల్దేరుతూ "వెళ్లొస్తానత్తయ్యా" అన్నాను. జవాబు లేదు. "తలుపు మెల్లగా వేసి వెళ్లు, ధనామని కొట్టకు" అని ఆవిడ అనకపోతే నాకు గడప దాటబుద్ధి కాదు. వెనక్కొచ్చి చూస్తే వంటింటి బల్ల మీద దిండు పెట్టుకుని, దాని మీద నుదురు ఆనించి, ముందుకి వాలి కూర్చుని ఉన్నారు. పెదాలు నీలంగా ఉన్నాయి. పాదాలు ఉబ్బి చెప్పుల్లో దూరలేదు. మెడ మీద నరం ఒకటి వేలెడు లావున పొంగి ఉంది.

"ఏంటత్తయ్యా ఇది?"

"ఏం లేదే. గుండె బరువుగా ఉంది. ఇలా వాలితే కాస్త నయం."

ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి మూడుసార్లు ఊపిరి కోసం ఆగారు. కిందికి కేకేస్తే టాక్సీ డ్రైవరు రెండేసి మెట్లు ఎక్కి వచ్చి, "పిన్నిగారూ, కుర్చీలోంచి లేవకండి" అని ఆవిణ్ణి కుర్చీతో సహా ఎత్తాడు. కిందకి దిగేదాకా కుర్చీ వెనక కాళ్లు నేను పట్టుకున్నాను. అంత ఆయాసంలోనూ మీ అమ్మగారు, "గోడకి సున్నం రాల్చకండి" అన్నారు.

ఆస్పత్రిలో మొదట ఒక చిన్న డాక్టరు చూశాడు. గుండె బరువుగా ఉందని ఆవిడ అనగానే అతను నావైపు తిరిగి, "ఇంట్లో ఏమైనా దిగులా అండీ?" అని అడిగాడు. నేనేం చెప్పానో తెలుసా? "కొడుకు దూరంగా ఉన్నాడు" అన్నాను. పెదాలు నీలంగా మారిన మనిషిని పక్కన పెట్టుకుని ఆ మాట అన్నాను. మన భాషలో గుండె బరువెక్కడమంటే దిగులనే మనందరికీ తెలుసు. ఆవిడ ఉన్నదున్నట్టు చెప్తుంటే వినేవాళ్లందరం భావం వెతుక్కున్నాం.

అంతలో పెద్ద డాక్టరు వచ్చాడు. తలుపులోంచి వంగి రావలసినంత పొడుగు మనిషి. అత్తయ్య ఆయనకి అప్పుడే పొడుగు డాక్టరని పేరు పెట్టేశారు, నేనూ అలాగే రాస్తాను. ఆయన స్టెతస్కోపు నాలుగు చోట్ల పెట్టి, కళ్లు మూసుకుని విన్నాడు. "చప్పుడు చాలా దూరం నుంచి వస్తోంది" అన్నాడు. తర్వాత ప్రశ్న మీద ప్రశ్న. పడుకుంటే ఊపిరాడుతోందా? ఎన్నాళ్ల నుంచి ఆడటం లేదు? వాలితే నయమా? కాళ్లు ఎప్పుడు ఉబ్బాయి? జవాబు చెప్పే ఊపిరి ఆవిడకి లేదు. జవాబులు నా చేతిసంచిలో ఉన్నాయి. అవి అక్కడికెలా వచ్చాయో కాసేపాగి చెప్తాను. తేదీలతో సహా చదివి వినిపించాను. ఆయన సగం వినగానే స్కాను యంత్రాన్ని మంచం దగ్గరికే తోయించాడు.

తెర మీద గుండె కనిపించింది. దాని చుట్టూ నల్లగా, మందంగా ఒక కట్టు. ఆ నల్లటి దాంట్లో గుండె అటూ ఇటూ ఊగుతోంది. స్కాను చేసే అమ్మాయి చెయ్యి ఆపేసి డాక్టరు మొహంలోకి చూసింది.

"గుండె చుట్టూ నీరు చేరింది. వెంటనే తోడాలి" అన్నాడాయన.

"తోడా?" అన్నారు అత్తయ్య. "తోడుంది కదా బాబూ. ఇదిగో, నా కోడలు."

నర్సు మొహం తిప్పుకుని నవ్వుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు.

మీ ఉద్యోగమేమిటో చెప్పగానే పొడుగు డాక్టరు, "అయితే మీకంటే మీవారికే ఇది బాగా అర్థమవుతుంది" అన్నాడు. వినండి. గుండె ఒక సంచిలో ఉంటుందట. గుండెకీ సంచికీ మధ్య రెండు మూడు చెంచాల నీరు ఎప్పుడూ ఉంటుందట, మీ పంపులకి మీరు పెట్టే గ్రీజులాగా. అందులో నెమ్మదిగా అరలీటరు దాటి చేరితే, సంచి ఎంతని సాగుతుంది? గుండె విచ్చుకోవడానికి చోటు చాలదు. విచ్చుకోకపోతే రక్తం నిండదు, నిండనిది బయటికి తోయలేదు. పంపు బాగానే ఉంది, చుట్టూ ఉన్న నీరే దాన్ని నొక్కేస్తోంది. రక్తపోటు పై అంకె అప్పటికి ఎనభై. నాడి నూటముప్పై.

సంతకం పెట్టమని నాకొక కాగితమిచ్చారు. సూది రొమ్ము ఎముక కింద నుంచి పోతుంది, స్కానులో చూస్తూనే పోనిస్తారు, అయినా గుండెకి తగిలే ప్రమాదం కొంచెం ఉంది, అని ఆయన నోటితో చెప్పాడు. అదే కాగితంలోనూ ఉంది. నా పాడు కళ్లు ఊరుకుంటాయా? "ప్రాణాపాయం కలుగవచ్చును" అని ఉండాల్సిన చోట "ప్రాణోపాయం కలుగవచ్చును" అని అచ్చయింది. ణా ఉండాల్సిన చోట ణో పడి, ప్రాణానికి అపాయం పోయి ఉపాయం వచ్చి కూర్చుంది. పదకొండేళ్లలో నా కళ్లబడ్డ అచ్చుతప్పు ఒక్కటి కూడా బతికి బయటపడలేదని మీకు తెలుసు. మన పెళ్లి శుభలేఖని కూడా పీటల మీద కూర్చునే లోపు దిద్దినదాన్ని. ఎర్ర కలం సంచిలోనే ఉంది. తియ్యలేదు. ఆ తప్పుని అలాగే వదిలేసి, దాని కిందే సంతకం పెట్టాను.

నన్ను బయట కూర్చోమన్నారు. మీ అమ్మగారు నా చెయ్యి వదల్లేదు. వంకర్లు పోయిన ఆ వేళ్లలో అంత పట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో! "తోడు లేకుండా తోడనివ్వను" అనేశారు. పొడుగు డాక్టరు ఒక్క క్షణం చూసి, నాకొక టోపీ, మూతికొక గుడ్డ ఇప్పించి, "తలవైపు నిలబడండి. పచ్చగుడ్డ పరిచిన చోట చెయ్యి పెట్టకండి. కళ్లు తిరిగితే ముందే చెప్పండి" అన్నాడు.

ఆవిణ్ణి సగం కూర్చోబెట్టినట్టుగానే వాల్చారు. మత్తు సూది ఇచ్చారు, ఆ చోటుకి మాత్రమే. స్కాను అమ్మాయి ఒక పక్క యంత్రం పట్టుకుని చూపిస్తోంది. ఆయన పొడుగాటి సూదిని పక్కటెముకల సందు కిందుగా, ఎడమ భుజం వైపు గురిపెట్టి, వెంట్రుకవాసి చొప్పున జరుపుతున్నాడు. నేను దేవుణ్ణి తలుచుకోవాలనుకుని, తలుచుకోవడం మరిచిపోయి, ఆయన బొటనవేలినే చూస్తూ నిలబడ్డాను.

పిచికారీలోకి రంగొచ్చింది. పలచటి టీ రంగు.

"వచ్చింది" అన్నాడు. ఆ ఒక్క మాటే. ఆ తర్వాత సన్నటి తీగ, తీగ మీదుగా సన్నటి గొట్టం, గొట్టం చివర సంచి. మొదటి పిచికారీ నిండింది, రెండోది నిండింది. మూడోది నిండుతుండగా నర్సు రక్తపోటు అంకెలు చదవడం మొదలెట్టింది. తొంభై. తొంభై ఆరు. నూట నాలుగు. నూట పద్దెనిమిది! ఏమండీ, నేను జీవితంలో చాలా పుస్తకాలు చదివాను, మంచివీ చెడ్డవీ. ఆ నర్సు చదివిన నాలుగంకెలంత గొప్ప సాహిత్యం నేను ఇంతవరకూ వినలేదు.

అప్పుడు మీ అమ్మగారు ఊపిరి పీల్చారు. పీల్చారు, పీల్చారు, ఇంకా పీలుస్తూనే ఉన్నారు. పెదాలకి రంగొచ్చింది. కళ్లు తెరిచి నన్ను తలకిందులుగా చూసి, "గాలి ఎంత బావుందే!" అన్నారు. అన్నాక డాక్టరు వైపు తిరిగి, "బాబూ, కుట్టు వేస్తావా? వేస్తే దగ్గర దగ్గరగా వెయ్యి, దూరం దూరంగా వేస్తే ఊడిపోతుంది" అన్నారు. నలభై ఏళ్లు చొక్కాలకి కాజాలు కుట్టిన మనిషి మరి! ఆయన గట్టిగా నవ్వి, "ఇక్కడ పెద్ద కుట్టేమీ ఉండదమ్మగారూ, గొట్టం కదలకుండా ఒక్క ముడి" అన్నాడు. ఆ నవ్వుతో గదిలో అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు.

ఆరోజు వచ్చింది ఆరు వందల యాభై. తర్వాతి రెండు రోజుల్లో ఇంకో గిద్దెడు. శుక్రవారం గొట్టం తీసేశారు. నీటిని పరీక్షకి పంపితే చెడ్డదేమీ లేదని తేలింది. ఆవిడ వేళ్లని వంచిన కీళ్లజబ్బే గుండె సంచిదాకా పాకిందట. మాత్రలిచ్చారు, రోజూ నేనే లెక్కపెట్టి ఇస్తున్నాను. రెండు వారాలకి ఒకసారి స్కాను చేయించాలి. నిన్న ఇంటికొస్తూ మెట్లు తనే ఎక్కారు. టాక్సీ డ్రైవరు కుర్చీ పట్టుకుని వెనకే వచ్చాడు గాని, పన్నెండు మెట్లూ ఎక్కేసి పైనుంచి, "ఆ కుర్చీ జాగ్రత్తగా పైకి తీసుకురా నాయనా" అన్నారు.

ఇక మీరడిగిన ఆ ప్రశ్న. అమ్మ ఉత్తరాలు పొట్టిగా ఎందుకు వస్తున్నాయి?

నేను కోసేశాను కాబట్టి.

ఆవిడ వేళ్ల మధ్య కలం నిలవదు కదా, ఆదివారం ఆవిడ చెప్తుంటే నేను చిత్తు పుస్తకంలో రాసుకుని, దిద్ది, మంచి కాగితం మీద ఎక్కించి మీకు పంపుతాను. దిద్దడం నా వృత్తి. ఒకే మాట రెండోసారి వస్తే నా చెయ్యి ఊరుకోదు. "గుండె బరువుగా ఉంది" అని మొదటిసారి అన్నప్పుడు ఉంచాను. దానికే మీరు అప్పుడే ఫోను చేసి ఉద్యోగం వదిలేస్తానన్నారు. మూడేళ్లుగా తవ్వుతున్న కొండ, ఇంకో నలభై మీటర్లుంది రెండు వైపులూ కలవడానికి. అప్పుడు వదిలేసి వస్తే జన్మంతా మిమ్మల్ని మీరు తిట్టుకుంటారు, నాకు తెలుసు. అందుకని తర్వాతి ఆదివారం ఆ మాట కొట్టేశాను. "పడుకుంటే ఊపిరాడటం లేదు, గోడకానుకుని కూర్చునే నిద్రపోతున్నాను" అన్నారు. కొట్టేశాను. "కాళ్లు నీరు పట్టాయి" అన్నారు. అదీ కొట్టేశాను. మీ కోసం కొట్టేశానని నాకు నేను చెప్పుకున్నాను గాని, అది సగం నిజమే. కొడుకుని రప్పించుకోవడానికి ఆవిడ ఆడుతున్న నాటకమని మనసులో అనుకున్నాను. మిగతా సగం ఇది. ఇంతకుముందు ఈ మాట ఎవరితోనూ అనలేదు. పెద్ద ప్రూఫు రీడర్ని కదా, మూడు ఆదివారాలు నా ఎదురుగా ఒక మనిషి తన ప్రాణం సంగతి చెప్తుంటే పునరుక్తి దోషమని గీత గీశాను.

చిత్తు పుస్తకం ఎప్పుడూ నా చేతిసంచిలోనే ఉంటుంది, డాక్టరుకి చదివి వినిపించినవి అందులో కొట్టేసిన వాక్యాలే. కొట్టేసిన మాట కింద కనబడేలా ఒక్క గీతే గియ్యాలని మా ప్రెస్సు పెద్దాయన మొదటిరోజే చేతి మీద కొట్టి నేర్పాడు. ఆ గీత పుణ్యమా అని ప్రతి అక్షరమూ చదవగలిగాను. పుస్తకం తెరిచి నేను మొదట కొట్టేయకుండా ఉంచిన వాక్యాలు చదవబోతే, పొడుగు డాక్టరు నా భుజం మీదుగా చూసి, "అవి కాదమ్మా, ఎర్రగీత కిందవి చదవండి" అన్నాడు. ఎందుకు కొట్టేశారని ఆయన అడగలేదు. అడిగి ఉంటే బావుండేది.

బుధవారం పొద్దున వార్డులో, నీటి సంచి మంచానికి వేలాడుతుండగా, ఆవిడ దగ్గర ఒప్పుకున్నాను. "అత్తయ్యా, మీరు చెప్పినవన్నీ ఆయనకి రాయలేదు" అన్నాను.

"తెలుసులే" అన్నారు.

"ఎలా తెలుసు?"

"నీ ఎర్ర కలం మూత టక్కుమంటుంది. ఎన్నిసార్లు టక్కుమందో లెక్కపెట్టుకునేదాన్ని. నలభై ఏళ్లు మిషన్ల మోతలో కూర్చున్న చెవులే ఇవి."

"మరి తెలిసీ ఎందుకు చెప్పేవారు?"

"వాడికని చెప్పేదాన్ననుకున్నావా? నువ్వు ఎటూ కొట్టేస్తావు, వాడిదాకా పోదు, వాడు కంగారుపడడు అన్న ధైర్యంతోనే చెప్పేదాన్ని. నీకు చెప్పుకున్నానే, పిచ్చిదానా."

"నాకే చెప్పేదైతే మామూలుగా చెప్పొచ్చు కదా అత్తయ్యా!"

"ఎప్పుడు చెప్పను? ప్రెస్సు నుంచి వచ్చేసరికి నీ కళ్లు చింతనిప్పుల్లా ఉంటాయి. ఆదివారం ఒక్కపూటే కదా నువ్వు నా ఎదురుగా కూర్చునేది."

ఏమండీ, మూడు వారాల ఏడుపు ఒక్కసారే ఏడ్చాను. పక్క మంచం ఆవిడ నర్సుని కూడా పిలిచింది, ఎవరో పోయారనుకుని. మీ అమ్మగారే నర్సుతో, "ఏం లేదమ్మా, దానికీ కాస్త నీరు చేరింది, తోడుతున్నాం" అన్నారు. అటు నవ్వూ ఇటు ఏడుపూ కలిసి నాకు ఎక్కిళ్లు పట్టాయి.

మీకు కోపం వస్తే రానివ్వండి. తిట్లు రాస్తే దిద్దకుండా చదువుకుంటాను. ఇప్పుడు మాత్రం రోజూ సాయంత్రం నేను రాగానే, కాళ్లైనా కడుక్కోకుండా, ఆవిడ ఎదురుగా పావుగంట కూర్చుంటున్నాను. చేతిలో కలం ఉండదు. ఆవిడ చెప్పేదంతా వింటున్నాను, చెప్పిందే చెప్పినా సరే.

ఈ కింది మాటలు ఆవిడవి. నేను ఇదే కాగితం మీద నేరుగా రాస్తున్నాను. చిత్తు లేదు. ఎర్ర కలం ఆవిడ దిండు కింద ఉంది, ఆవిడే తీసి దాచుకున్నారు.

"నాయనా, నీ పెళ్లాం దిద్దకుండా రాస్తోందో లేదో కళ్లద్దాలు పెట్టుకుని చూస్తూనే ఉన్నాను. గుండె తేలిగ్గా ఉంది. ఉద్యోగం మానేసి వస్తావా? వస్తే గడపలోనుంచే వెనక్కి తోలేస్తాను. ఆ కొండకి చిల్లు పడేదాకా కదలకు. నాకు పడలేదూ చిల్లు, ఏమైంది, గుండ్రాయిలా ఉన్నాను. గుండె తేలిగ్గా ఉంది. మీ సొరంగంలో నీళ్లు పైకొస్తే భయపడకు, తోడెయ్యడమే. చల్లటి నీళ్లలో ఊరికే నిలబడకు. ఇది టీలో చక్కెర తక్కువేస్తోంది, డాక్టరు చెప్పాడంటుంది, నేను వినలేదు ఆయన చెప్పడం. మంగళవారం ఇది నా తలవైపు నిలబడింది. చెయ్యి మంచుముక్కలా ఉంది గాని వదల్లేదు. నువ్వుంటే ఏడ్చి ఆ పొడుగాయన పని చెడగొట్టేవాడివి. గుండె తేలిగ్గా ఉంది. ముందే చెప్పానా? చెప్తే చెప్పాను, మళ్లీ రాయవే."

మళ్లీ రాశాను. గుండె తేలిగ్గా ఉంది.

ఇట్లు,
మీ అమ్మగారి కోడలు